డాబ్కో: పట్టుకున్నంత తేలిగ్గా వదిలేసే బేస్

మొన్న వేసవిలో శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో మా ఫార్మా ప్లాంట్‌లో బ్రైన్ లైన్‌కి, అంటే చల్లటి ఉప్పునీళ్లు పారే పైపుకి, కొత్తగా పఫ్ వేయించారు. పఫ్ అంటే బేకరీలో దొరికేది కాదు, చల్లటి పైపు చుట్టూ రేకు తొడుగు వేసి, మధ్య ఖాళీలో పోసే గట్టి నురగ. కాంట్రాక్టర్ మనిషి ఒక మగ్గులో ముదురు గోధుమ రంగు ద్రవం, ఇంకో మగ్గులో లేత పసుపు ద్రవం కొలిచి, రెండూ బకెట్‌లో పోసి, డ్రిల్ మిషన్‌కి బిగించిన పుల్లతో గిర్రున తిప్పాడు. గబగబా రేకుకున్న కన్నంలో పోసేసి వెనక్కి జరిగి "కాసుకోండి సార్, ఇప్పుడు పొంగుతాది" అన్నాడు. పొంగింది. కన్నంలోంచి పుట్టగొడుగులా తల బయటపెట్టి అలా గట్టిపడిపోయింది.

నాకు మాత్రం బకెట్ అడుగున మిగిలిన గరిటెడు సరుకే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. ముందు మీగడలా తెల్లబడింది, తర్వాత లేవడం మొదలుపెట్టింది, పుల్లతో తాకితే జీడిపాకంలా తీగలు సాగింది, చెయ్యి దగ్గర పెడితే వేడి తెలుస్తోంది, ఐదు నిమిషాలు పోయాక నొక్కితే గోరు దిగలేదు. పక్కనే మా షిఫ్ట్ కుర్రాడు, చీపురుపల్లి వైపువాడు, ఎమ్మెస్సీ అయి ఏడాది కాలేదు, "ఇందులో కేటలిస్ట్ ఏటి సార్?" అన్నాడు. కేటలిస్ట్ అంటే తను ఖర్చవకుండా చర్యని తొందరపెట్టేది. అమీన్లు, అంటే అమ్మోనియా కుటుంబంలోని నైట్రోజన్ పదార్థాలు, ఆ పసుపు ద్రవంలో ముందే కలిపి ఇస్తారు అన్నాను. "అమీన్ అంటే బేస్ కదా. బేస్‌కి యాసిడ్ ఉండాలి కదా. ఇక్కడ యాసిడ్ ఏదీ?"

మంచి ప్రశ్న. అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, రాత్రి కంపెనీ బస్‌లో ఇంటికొస్తూ ఆలోచిస్తే ఆ ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పాలంటే మేమంతా రోజూ వాడే "బేస్" అన్న మాటనే విప్పి చూడాలని తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. ఉదాహరణకి ఒక్క పదార్థాన్నే తీసుకుంటాను, డాబ్కో. పఫ్ డ్రమ్ములో ఉన్నది కచ్చితంగా అదేనని అనను, లేబుల్ మీద ఆ ముక్క రాసి లేదు. కానీ నురగల వ్యాపారంలో వాడే అమీన్ల కుటుంబంలో బాగా పేరున్నది అది, పైగా మా లాంటి ఫార్మావాళ్ల ఫ్లాస్కుల్లో కూడా కనబడేది అదే.

పేరు గురించి ఒక మాట. డయజాబైసైక్లోఆక్టేన్ అని పూర్తిగా పిలవడం ఎవరి వల్లా కాదు, అందుకని డాబ్కో. అది వ్యాపారనామం కూడా. ఇంకో పేరు ట్రైఇథిలీన్‌డైఅమీన్, కుదిస్తే టెడా. ఇక్కడే ఒక తిరకాసుంది. మేం రోజూ డ్రమ్ముల కొద్దీ వాడే ట్రైఇథైల్‌అమీన్‌ని టీఈఏ అంటాం. నురగలవాళ్లు, కాస్మెటిక్స్‌వాళ్లు టీఈఏ అంటే ట్రైఇథనాల్‌అమీన్ అనుకుంటారు. మూడూ వేరు వేరు సరుకులు, మూడూ అమీన్లే.

సరే, బేస్ అంటే ఏమిటి? ఇంటర్‌లో మనకి చెప్పిన ప్రకారం ప్రోటాన్‌ని, అంటే హెచ్ ప్లస్‌ని తీసుకునేది. అమీన్‌లోని నైట్రోజన్ మీద ఎవరితోనూ పంచుకోని రెండు ఎలక్ట్రాన్లుంటాయి. తెలుగు అకాడమీ పుస్తకాల్లో వీటిని "ఒంటరి జంట" అంటారు, జంటగా ఉండి ఒంటరేమిటని మా క్లాసులో నవ్వుకునేవాళ్లం. ఆ ఒంటరి జంటే అమీన్‌కి చెయ్యి లాంటిది. దాంతో ప్రోటాన్‌ని పట్టుకుంటే బేస్ అంటాం. అదే చేత్తో ఎలక్ట్రాన్లు తక్కువైన కార్బన్‌ని పట్టుకుంటే న్యూక్లియోఫైల్ అంటాం. చెయ్యి ఒకటే, పట్టుకున్న వస్తువు వేరు.

మా ప్లాంట్లో టీఈఏ చేసేది మొదటి పని. ఒక యాసిడ్ క్లోరైడ్‌నీ ఒక అమీన్‌నీ కలిపినప్పుడు పుట్టే హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ని అది మింగేసి తెల్లటి ఉప్పుగా అడుగున పేరుకుంటుంది, మేం దాన్ని ఫిల్టర్ చేసి పక్కన పడేస్తాం. అణువుల లెక్కలో ఒక మోల్ ఆసిడ్‌కి ఒక మోల్ టీఈఏ, మీద కొంచెం. అంటే ఖర్చయిపోతుంది. దాన్ని కేటలిస్ట్ అనడానికి లేదు. డాబ్కో చేసే పని ఎక్కువసార్లు ఆ రెండోది, కార్బన్‌ని పట్టుకోవడం.

ఇక్కడ చాలామంది ఏమనుకుంటారంటే, బలమైన బేస్ అయితే కార్బన్‌ని కూడా బలంగానే కొడుతుందని. నేనూ అలాగే అనుకునేవాణ్ని. అంకెలు చూస్తే తలకిందులుగా ఉంటుంది. బేస్ బలాన్ని, ప్రోటాన్ పట్టుకున్నాక దాని పీకేఏ ఎంతో చూసి కొలుస్తారు, అంకె ఒకటి పెరిగితే బలం పది రెట్లు పెరిగినట్టు. నీళ్లలో టీఈఏకి అది 10.75, డాబ్కోకి సుమారు 8.8. అంటే ప్రోటాన్ పట్టుకోవడంలో డాబ్కో 80, 90 రెట్లు బలహీనం. కానీ కార్బన్‌ని పట్టుకోవడానికి వచ్చేసరికి డాబ్కో ముందుంటుంది, టీఈఏ వెనకబడిపోతుంది.

కారణం ఆకారం. టీఈఏలో నైట్రోజన్ నుంచి మూడు ఇథైల్ తోకలు వేలాడుతుంటాయి, అవి ఊరికే ఉండవు, అటూ ఇటూ తిరుగుతూ ఒంటరి జంటకి అడ్డం వస్తుంటాయి. ప్రోటాన్ చాలా చిన్నది కాబట్టి ఎలాగో దూరిపోతుంది, కార్బన్ చుట్టూ వేరే గుంపులుంటాయి, అది దూరలేదు. డాబ్కోలో రెండు నైట్రోజన్లు ఎదురెదురు చివర్లలో ఉండి, మధ్యలో రెండేసి కార్బన్ల బద్దలు మూడు వాటిని కలుపుతాయి. తోకలన్నీ వెనక్కి లాగి అవతలి నైట్రోజన్‌కి కట్టేసినట్టన్నమాట. మా వైపు ఉభాలకి, అంటే వరి నాట్లకి, దిగేటప్పుడు పంచె ఎలా ఎగ్గట్టుకుంటారో తెలుసు కదా, మోకాళ్ల మీదకి మడిచి నడుముకి దోపేస్తారు, లేకపోతే బురదలో అడుగు పడదు. టీఈఏ పంచె జారవిడుచుకుని చేలోకి దిగిన మనిషి, డాబ్కో ఎగ్గట్టుకున్న మనిషి. ఇద్దరి కండబలం సంగతి తర్వాత.

ఇది నా ఊహ కాదు. డాబ్కోకి దగ్గరి చుట్టం క్వినుక్లిడీన్ అని ఉంది, అదే బోను, కాకపోతే ఒక చివర నైట్రోజన్ బదులు కార్బన్. దాని బేస్ బలం టీఈఏకి దాదాపు సమానం. 1949లో హెచ్‌.సి. బ్రౌన్, ఎల్డ్రెడ్ అనే రసాయనవేత్తలు ఈ రెంటినీ మిథైల్ అయొడైడ్‌తో, అంటే ఒక కార్బన్‌కి అయోడిన్ తగిలి ఉన్న పదార్థంతో, పందెం వేసి చూస్తే క్వినుక్లిడీన్ 50 రెట్లకు పైగా వేగంగా వెళ్లింది. ఇంకా లావుపాటి అయొడైడ్‌లు వాడితే తేడా మరింత పెరిగింది. ప్రోటాన్ ముందు సమానంగా నిలబడ్డవి కార్బన్ ముందుకొచ్చేసరికి అలా విడిపోయాయి. బ్రౌన్ అంటే 1979లో బోరాన్ పనికి నోబెల్ అందుకున్నాయనే.

ఇప్పుడు కేటలిస్ట్ సంగతి. ఉత్ప్రేరకం అనగానే పాఠాల్లో పెళ్లిళ్ల పేరయ్య పోలిక తెస్తారు: ఇద్దర్నీ కలిపి తను పక్కకి తప్పుకుంటాడని. నాకు ఆ పోలిక నచ్చదు. పేరయ్య పెళ్లికూతుర్ని తను పెళ్లి చేసుకోడు కదా! డాబ్కో నిజంగానే ముందు ఒకరితో ముడి వేసుకుంటుంది, తర్వాత విడిపోతుంది. సెంట్రింగ్ పోలిక దీనికి నయం. స్లాబ్ వేసేటప్పుడు కింద రేకులు, పోట్లు పెడతాం, కాంక్రీటు వాటి మీదే నిలబడుతుంది, బిగిశాక విప్పేసి పక్క ఇంటికి పట్టుకుపోతాం. సెంట్రింగ్ లేకుండా స్లాబ్ లేదు, అలాగని స్లాబ్‌లో సెంట్రింగ్ మిగలదు. మిగిలిపోతే అది సెంట్రింగ్ పోయినట్టే, పక్కింటికి మళ్లీ కొనుక్కోవాలి.

డాబ్కో సెంట్రింగ్ పని కళ్లకి కట్టినట్టు కనబడేది బేలిస్-హిల్‌మన్ చర్యలో. రెండు పదార్థాలు: బెంజాల్డిహైడ్, బాదం ఎసెన్స్ వాసన వస్తుంది, మిథైల్ యాక్రిలేట్, దాని వాసన ముక్కులో సూదిలా దిగుతుంది, మూత తీసినవాడు మర్చిపోడు. ఈ రెంటినీ ఫ్లాస్క్‌లో పోసి ఎన్నాళ్లు ఉంచినా కార్బన్-కార్బన్ బంధం కట్టుకోవు. యాక్రిలేట్‌కి బెంజాల్డిహైడ్‌ని కొట్టడానికి చాలినన్ని ఎలక్ట్రాన్లు ఒకచోట లేవు. డాబ్కో వచ్చి యాక్రిలేట్ జంట బంధం చివరి కార్బన్‌ని పట్టుకుంటుంది. పట్టుకోగానే నైట్రోజన్ మీద ప్లస్, యాక్రిలేట్ పక్క కార్బన్ మీద మైనస్. ఇంతకుముందు చేతకాని యాక్రిలేట్‌కి ఇప్పుడు ఎలక్ట్రాన్లు చేతికొచ్చాయి, వెళ్లి బెంజాల్డిహైడ్‌ని కొడుతుంది, కార్బన్-కార్బన్ బంధం పడిపోతుంది. తర్వాత ఒక హైడ్రోజన్ కార్బన్ మీంచి ఆక్సిజన్ మీదకి మారుతుంది. చివరగా డాబ్కో తన చెయ్యి విడిపించుకుని బయటికొస్తుంది, యాక్రిలేట్ జంట బంధం మళ్లీ మొదటిలాగే అయిపోతుంది. బెంజాల్డిహైడ్ అణుభారం 106.12, మిథైల్ యాక్రిలేట్ 86.09, వచ్చిన పదార్థం సరిగ్గా వాటి మొత్తం, 192.21. పారబోయాల్సిన ముక్క ఒక్కటి కూడా పుట్టలేదు. ఎఫ్లుయెంట్ ట్యాంకు, అంటే వ్యర్థాల ట్యాంకు, పక్కన పనిచేసేవాడికి ఈ లెక్క ఎంత ముద్దొస్తుందో చెప్పలేను.

మొత్తం నాటకంలో డాబ్కో ప్రోటాన్ పట్టుకున్నది ఎక్కడ? ముడి వేసే దశలో అయితే ఎక్కడా లేదు. అందుకే ఫ్లాస్క్‌లో యాసిడ్ కోసం వెతికితే దొరకదు. దీన్ని బేస్ కేటలిస్ట్ అనడం అలవాటు కొద్దీ అనడమే, ఇంటిపేరు పెట్టి పిలిచినట్టు.

ఈ చర్య కథ కూడా బాగుంటుంది. జపాన్‌లో మోరిటా 1968లో నైట్రోజన్ బదులు ఫాస్ఫరస్ ఉన్న ఫాస్ఫీన్‌తో ఇలాంటిదే చేశాడు. 1972లో బేలిస్, హిల్‌మన్ అనే ఇద్దరు పరిశ్రమవాళ్లు డాబ్కోతో చేసి జర్మన్ పేటెంట్ తీసుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, పేటెంట్లలో పడినవి అలాగే పడుంటాయి. 1980లలో మళ్లీ పైకి తీసి దాని విలువ ప్రపంచానికి చూపించినవాళ్లలో ముందువరసలో ఉన్నది మనవాళ్లే, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ దీవి బసవయ్య గారు, ఆయన విద్యార్థులు. ఈ చర్య మీద ఆయన బృందం 1996లో, 2003లో, 2010లో రాసిన సుదీర్ఘ సమీక్షలు ఈ రంగంలో పని మొదలుపెట్టే ఎవరైనా ముందుగా తెరిచేవి. మా ఎమ్మెస్సీలో సెమినార్‌కి నేను ఈ టాపిక్ తీసుకోవడానికి కారణం కూడా అదే, ఒక తెలుగు పేరు కనబడింది, చదవాలనిపించింది.

సెమినార్‌తో ఆగకుండా ప్రాజెక్ట్‌లో ఒకసారి చేసి చూద్దామనుకున్నాను. వానాకాలం. బెంజాల్డిహైడ్ 1.06 గ్రాములు, అంటే 10 మిల్లీమోల్స్; యాక్రిలేట్ కొంచెం ఎక్కువ; డాబ్కో 15 శాతం మోల్స్, అంటే 1.5 మిల్లీమోల్స్, 168 మిల్లీగ్రాములు. తూకం దగ్గరే మొదటి దెబ్బ. డాబ్కో తెల్లటి పొడి, గాలిలో తేమని లాక్కుంటుంది, త్రాసు మీద ఉండగానే అంకె పెరుగుతోంది, కాగితం మీద పొడి కాస్తా బెల్లం ముద్దలా తయారైంది. సరే, వేసేశాను. నాలుగు గంటల తర్వాత టీఎల్‌సీ, అంటే కొత్త పదార్థం పుట్టిందో లేదో చెప్పే చిన్న ప్లేట్ పరీక్ష, చూస్తే ఏమీ లేదు. మర్నాడు చూశాను, లేదు. మూడో రోజు, వారం, లేదు. పదో రోజుకి గైడ్ దగ్గరికెళ్లి "ఈ రియాక్షన్ పేపర్లో అబద్ధం రాశారు సార్" అన్నాను. ఆయన నా మాటకి జవాబివ్వకుండా బెంజాల్డిహైడ్ సీసా తెమ్మన్నారు. తెచ్చాను. మూత చుట్టూ చూపించి "ఇదేమిటి?" అన్నారు. తెల్లటి పొలుసులు.

బెంజోయిక్ ఆసిడ్. బెంజాల్డిహైడ్‌కి గాలి తగిలితే మెల్లిగా అయ్యేది అదే, మూత ఎన్నిసార్లు తీశామో అంత. ఇక లెక్క చూడండి. సీసాలో పదో వంతు ఆసిడ్‌గా మారిపోయిందనుకుంటే నా 10 మిల్లీమోల్స్‌లో 1 మిల్లీమోల్ ఆసిడ్. నేను వేసిన డాబ్కో 1.5. ఆ ఆసిడ్ నా డాబ్కోలో మూడింట రెండు వంతులకి ప్రోటాన్ తగిలించి కూర్చోబెట్టేసింది. డాబ్కోకి రెండు నైట్రోజన్లున్నాయి కదా, ఒకటి పోతే ఇంకోటి పనిచేయాలి కదా అని నేను వాదించాను. అదీ కుదరదు. ఒక చివర ప్రోటాన్ ఎక్కగానే ఆ ప్లస్ ప్రభావం బద్దల గుండా అవతలి చివరిదాకా పాకుతుంది, రెండో నైట్రోజన్ పీకేఏ 8.8 నుంచి 3 దగ్గరికి పడిపోతుంది, చేత్తో ఎలక్ట్రాన్లు ఇచ్చే స్థితిలో ఉండదు. ఒక్క ఆసిడ్ అణువు రెండు చేతుల్నీ కట్టేస్తుందన్నమాట. యాసిడ్ ఏదీ అని కుర్రాడు అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది అందుకే. యాసిడ్ ఉంటే నేను పది రోజులు కూర్చోవాల్సి వచ్చింది!

బెంజాల్డిహైడ్ డిస్టిల్ చేసి తాజాగా పెడితే అయింది. అయినా ఆరేడు రోజులు పట్టింది. ఈ చర్యకున్న పెద్ద జబ్బు అదే, నత్త నడక. మా ప్లాంట్‌లో ఎవరైనా వారం రోజులు రియాక్టర్ ఆక్రమించే ప్రాసెస్ పట్టుకొస్తే ప్రొడక్షన్ మేనేజర్ గేటు దాకా తరుముతాడు. నైట్రో గుంపు ఉన్న బెంజాల్డిహైడ్ వేస్తే బాగా త్వరగా అవుతుంది, కానీ మనకి కావాల్సింది ప్రతిసారీ నైట్రో కాదు.

ఎందుకంత నెమ్మది అన్నదాని మీద బోలెడంత పని జరిగింది. ముడి వేయడం, కొట్టడం కాదు, మధ్యలో ఆ హైడ్రోజన్ కార్బన్ మీంచి ఆక్సిజన్ మీదకి మారడం ఉంది చూశారా, మొదట్లో అసలు ఇరుకు అక్కడే. తయారైన పదార్థంలో ఓహెచ్ ఉంటుంది కాబట్టి అది కొంచెం పోగయ్యాక ఆ మార్పిడికి తనే సాయం చేస్తుంది, చర్య పోనుపోను ఊపందుకుంటుంది. తాలింపులో ఆవాలు ఒకటి చిటపటలాడితే మిగతావి అందుకున్నట్టు. ఆల్కహాల్‌లోనూ ఓహెచ్ ఉంటుంది, అది కొంచెం ముందే కలిపితే త్వరపడుతుందని అందుకే కొందరు అలా చేస్తారు.

నేను పైన చెప్పినదానికి ఇక్కడ ఒక సవరణ పెట్టకపోతే అన్యాయం. బేస్ బలానికి విలువే లేదని నేననడం లేదు. 2003లో బ్రిస్టల్‌లో వరీందర్ అగర్వాల్ బృందం అదే బోను ఆకారం ఉన్న అమీన్లనే వరసగా పెట్టి చూస్తే, బేస్ బలం పెరిగేకొద్దీ ఈ చర్య వేగం పెరిగింది, డాబ్కో కంటే క్వినుక్లిడీన్ మెరుగని తేలింది. అంటే పంచెలు ఎగ్గట్టుకున్నవాళ్లలో వాళ్లలో వాళ్లకి పోటీ పెడితే కండబలం లెక్కలోకి వస్తుంది. పంచె జారిపోయినవాడితో పోల్చినప్పుడు రాదు. మరి అందరూ క్వినుక్లిడీన్ ఎందుకు వాడరంటే, డాబ్కో చవక, సులువుగా దొరుకుతుంది. ప్లాంట్‌లో ఈ ఒక్క కారణం చాలు.

వదిలేయడం సంగతి చెప్పకపోతే బొమ్మ సగమే. ఫార్మాలో డాబ్కో కంటే మేం ఎక్కువ చూసేది డీమ్యాప్, పిరిడీన్‌కి డైమిథైల్‌అమైనో గుంపు తగిలించినది, ఎస్టర్లు చేసేటప్పుడు చిటికెడు వేస్తాం. దాని పీకేఏ 9.7 దాకా ఉంటుంది, అంటే బేస్‌గా డాబ్కో కంటే కాస్త పైనే. 2007లో మ్యూనిక్‌లో హెర్బర్ట్ మాయర్ బృందం ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి కొలిచింది. కార్బన్‌ని పట్టుకునే వేగంలో డాబ్కో ముందుంది. కానీ పట్టు గట్టిది డీమ్యాప్‌ది, డాబ్కో ఎంత త్వరగా పట్టుకుంటుందో అంత త్వరగా జారిపోతుంది. ఎస్టర్ల పనిలో కొంచెం నిలబడి మోసుకెళ్లే పట్టు కావాలి, డీమ్యాప్ గెలుస్తుంది. బేలిస్-హిల్‌మన్‌లో చివర్లో విడిపోవడం కూడా పనిలో భాగం, అక్కడ డాబ్కో గెలుస్తుంది. గట్టిగా పట్టుకోవడం గొప్ప గుణమని మనం అనుకుంటాం గానీ సెంట్రింగ్ రేకు స్లాబ్‌కి అతుక్కుంటే మేస్త్రీ తిట్టేది రేకునే.

మళ్లీ ఆ బకెట్ దగ్గరికి. గోధుమ రంగు ద్రవంలో ఉన్నది ఐసోసయనేట్, లేత పసుపు దాంట్లో పాలియాల్, అంటే చాలా ఓహెచ్‌లున్న జిగట పదార్థం, కొంచెం నీళ్లు, సబ్బులాంటి సిలికోన్, అమీన్. కలపగానే రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఐసోసయనేట్, పాలియాల్ కలిసి గొలుసులుగా బిగుసుకోవడం ఒకటి, దీన్ని జెల్ అంటారు. ఐసోసయనేట్ నీళ్లతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదలడం రెండోది, దీన్ని బ్లో అంటారు. గట్టి పఫ్‌లో వేరే గ్యాస్ పుట్టించే ద్రవాలు కూడా కలుపుతారు, సూత్రం అదే: గ్యాస్ పొంగించాలి, గొలుసులు ఆ పొంగుని పట్టి ఉంచాలి. ఇడ్లీ చేసిన ప్రతివాళ్లకీ ఇది తెలుసు. పిండి పులిసి బుడగలు నిండి ఉంటుంది, ఆవిరి తగిలేలోపు బుడగ ఉండాలి, బుడగ పోయేలోపు పిండి ఉడకాలి. గ్యాస్ ముందు పరిగెత్తి బిగువు వెనకబడితే నురగ లేచి కూలిపోతుంది. పరుపుల్లాంటి మెత్తటి నురగలో బిగువు ముందు పరిగెత్తితే బుడగలు తెరుచుకోవు, చల్లారాక ముడుచుకుపోతుంది.

ఈ తూకాన్ని అమీన్ల ఎంపికతో పట్టుకుంటారు. డాబ్కో ఎక్కువగా జెల్ వైపు మొగ్గుతుంది. డైమిథైల్‌అమైనోఇథైల్ ఈథర్ అనే ఇంకో అమీన్ బ్లో వైపు. పరుపుల నురగలో వీటికి తోడు తగరం ఉప్పు కూడా పడుతుంది. పొడిని కొలవడం కష్టం కాబట్టి డాబ్కోని మూడో వంతు, గ్లైకాల్ రెండు వంతులుగా కరిగించి ద్రవంగా అమ్ముతారు, 33-ఎల్‌వీ అన్న పేరు పరుపుల ఫ్యాక్టరీల్లో అందరి నోటా ఉండేది అదే. విజయనగరంలో మా అత్తయ్య ఇంట్లో దూది పరుపు పోయి ఫోమ్ పరుపు వచ్చినప్పుడు, ప్లాస్టిక్ కవర్ విప్పిన రోజు చేపవాసనలాంటిదొకటి కొట్టింది, రెండ్రోజులు డాబా మీద ఆరబెట్టారు. అమీన్ పరుపులో ఖర్చవ్వదు కదా, పనిచేసి అక్కడే మిగిలిపోతుంది, తర్వాత మెల్లిగా గాల్లోకి వస్తుంది. ఇలా రాకుండా గొలుసుకే అతుక్కుపోయే అమీన్లు కూడా తయారుచేశారు. నురగ ఫ్యాక్టరీల్లో ఇలాంటి అమీన్ల ఆవిర్లు కళ్లకి తగిలినవాళ్లకి దీపాల చుట్టూ వలయాలు, అంతా నీలి పొగమంచులా కనబడటం తెలిసిన సంగతే. కాసేపటికి తగ్గిపోతుంది గానీ ఆ కాసేపట్లో బండి నడిపితే ప్రమాదం. పఫ్ పోసే కుర్రాళ్లకి కళ్లజోడు ఇప్పించండి, వాళ్లు అడగరు.

మరి ఈ నురగలో అమీన్ బేస్‌గా పనిచేస్తుందా, న్యూక్లియోఫైల్‌గానా? ఇక్కడ రెండు వాదాలున్నాయి. అమీన్ వెళ్లి ఐసోసయనేట్ కార్బన్‌ని పట్టుకుని దాన్ని రెచ్చగొడుతుందని ఒకటి. కాదు, ఓహెచ్‌లోని హైడ్రోజన్‌ని తన వైపు లాగి ఆక్సిజన్‌ని పదును పెడుతుందని ఇంకోటి. రెండో వాదంలో అయితే ఆ కుర్రాడు అడిగిన యాసిడ్ దొరికినట్టే: పాలియాల్, నీళ్లు. పూర్తిగా ఇచ్చేయవు, పూర్తిగా తీసుకోదు, కాసేపు గుంజుకుంటారు. నేనైతే ఏ అమీన్, ఏ ఆల్కహాల్ అన్నదాన్ని బట్టి రెండూ నిజమేననే వైపు ఉంటాను.

ఇదే డాబ్కో కేటలిస్ట్ కాకుండా పోయే చోటు ఒకటుంది, అది మా ప్లాంట్‌కి దగ్గర్లోనే రావచ్చు. పైడిభీమవరం ఉన్న రణస్థలం మండలంలోనే కొవ్వాడ ఉంది, 1208 మెగావాట్లవి ఆరు అణు రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతున్నది అక్కడే. అణు కేంద్రాల్లో ప్రమాదం జరిగితే బయటపడే వాటిలో రేడియోధార్మిక అయోడిన్ ఒకటి, 131 అనే రకానికి అర్ధజీవితం 8 రోజులు, ఒంట్లోకి వెళ్తే థైరాయిడ్‌లో చేరుతుంది. విడి అయోడిన్‌ని మామూలు బొగ్గు ఫిల్టర్ పట్టేస్తుంది. కానీ కొంత అయోడిన్ మిథైల్ అయొడైడ్‌గా మారుతుంది, తేమగాలి ఉంటే మామూలు బొగ్గుకి అది సరిగ్గా చిక్కదు. అందుకని వెంటిలేషన్ ఫిల్టర్ల బొగ్గుకి టెడా, అంటే మన డాబ్కోనే, పట్టిస్తారు. బ్రౌన్ 1949లో పందెం వేసింది కూడా మిథైల్ అయొడైడ్‌తోనే, గుర్తుందా! డాబ్కో అదే చేత్తో మిథైల్‌ని పట్టేసుకుంటుంది, అయొడైడ్ ఉప్పుగా మారి బొగ్గులోనే ఉండిపోతుంది. ఈసారి వదలదు. వదిలితే కొంపలు మునుగుతాయి. సైన్యం వాడే గ్యాస్ మాస్కుల బొగ్గులో కూడా ఇది ఉంటుంది. ఇంకో చిక్కు, డాబ్కో గది వేడికే కొద్దికొద్దిగా ఆవిరవుతుంది, సీసా మూత లోపలివైపు సూదుల్లాంటి స్ఫటికాలు పెరిగి కనబడతాయి, మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు బూజు పట్టిందని పారేయబోతారు. అందుకే ఆ ఫిల్టర్లని పెట్టి మర్చిపోవడానికి లేదు, మధ్యమధ్యలో పరీక్షిస్తుండాలి.

ఇదంతా మర్నాడు టీ తాగుతూ కుర్రాడికి చెప్పాను, ఇంతకంటే గందరగోళంగానే. అంతా విని "అయితే సార్, స్టోర్‌లో దాన్ని బేస్‌ల రాక్‌లో ఎందుకు పెట్టినట్టు?" అన్నాడు. వెళ్లి టెడా ఒక సీసా తీసుకురా, మూత కింద సూదులు చూపిస్తానన్నాను. స్టోర్‌కి ఇండెంట్ చీటీ రాసుకుని వెళ్లాడు. అరగంట తర్వాత ట్రాలీ మీద ఇరవై లీటర్ల టీఈఏ క్యాన్ వచ్చింది.